దిద్దిన మొహం

పోయిన వారం మన చిత్రకారిణిని ఇరకాటంలో వదిలేసి వచ్చాం. ప్రదర్శనకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. జనానికి బొమ్మలొక్కటే చాలవు, బొమ్మలేసే మనిషి కూడా కావాలి, మీ పేజీలో సొంత ఫోటో ఒకటి పెట్టండి అని గ్యాలరీ పెద్దమనిషి పట్టు పట్టాడు. పదిహేనేళ్లుగా ఊళ్లోవాళ్ల మొహాలు గీసి బతుకుతున్న ఆవిడకి సొంత మొహం నలుగురి ముందు పెట్టాలంటే చచ్చేంత బెరుకు. మూడు రోజులు గింజుకుంది. చివరికి బీరువా అరల్లో కాగితాలు మారుస్తుంటే అడుగున దొరికిన వాళ్లమ్మ పాత ఫోటోని ఎక్కించేసింది. అందులో అమ్మకి ఇరవై రెండేళ్లుంటాయి. వాలుగా ఉన్న బల్ల ముందు కూర్చుని ఉంది, చేతిలో పెన్సిలు, చెంప మీద కిటికీ వెలుగు. కింద "కాలేజీ రోజుల్లో మా అమ్మ" అని రాసింది కూతురు. రెండు రోజుల్లో నాలుగు వేల లైకులు వచ్చి పడ్డాయి. వాటి మధ్యలో, మొహానికి బదులు ఒక పూలకుండీ బొమ్మ పెట్టుకున్న ఖాతా నుంచి రెండు ముక్కలు: "ఫోటో తిరగేసి పెట్టారు. ఆవిడ పెన్సిల్ పట్టుకునేది ఎడమ చేత్తో."

చిత్రకారిణి మొదట నవ్వుకుంది. వాళ్లమ్మ కూరలు తరిగినా, సంతకం పెట్టినా, కూతురి వీపు మీద ఒక్కటిచ్చినా కుడి చేత్తోనే. ముప్పై ఎనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న తనకి తెలియనిది పూలకుండీకి ఏం తెలుస్తుంది? అయినా పురుగు తొలవడం మొదలైంది. తిరగేసి పెట్టారన్న మాట మాత్రం అబద్ధం కాకపోవచ్చు మరి.

ఎందుకంటే ఆవిడ పని తీరే అది. ఫోటో చూసి బొమ్మ గీసేటప్పుడు, తెలిసిన మొహమైతే కన్ను మోసం చేస్తుంది. ఉన్నది కాకుండా, ఉంటుందనుకున్నది గీయిస్తుంది. అదే ఫోటోని కుడి ఎడమలు మార్చి చూస్తే తెలిసిన మొహం కాస్తా కొత్త మనిషిదైపోతుంది, తప్పులన్నీ బయటపడతాయి. అందుకని గీయబోయే ప్రతి ఫోటోకీ కంప్యూటర్లో తిరగేసిన నకలు ఒకటి చేసి పెట్టుకుంటుంది. అమ్మ ఫోటోకీ చేసింది. పేజీలో ఎక్కించేటప్పుడు రెండింట్లో ఏది నొక్కిందో చూసుకోలేదు.

బీరువాలోంచి అసలు ఫోటో తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. పెన్సిలు ఎడమ చేతిలోనే ఉంది. వేళ్లు దాని మొన దగ్గరగా పట్టుకున్న తీరు చూస్తే, ఫోటో కోసం ఎవరో చేతిలో పెట్టింది కాదని తెలిసిపోతోంది. ఆ చేతికి ఆ పెన్సిలు బాగా అలవాటు. మొహాలు చదవడమే వృత్తి అని చెప్పుకునే మనిషి, కన్నతల్లి ఏ చేత్తో ఏం పట్టుకుందో రెండుసార్లు చూసి కూడా గమనించలేదు. మనలో మాట, నాకైతే ఇక్కడ కొంచెం జాలేసింది.

పూలకుండీకి ఆ పొద్దున్నే జవాబు పెట్టింది. మా అమ్మ మీకు తెలుసా అని అడిగింది. మధ్యాహ్నం మూడు దాకా ఉలుకూ పలుకూ లేదు. కుంచెలు కడుగుతూ ప్రతి ఐదు నిమిషాలకీ చేతులు తుడుచుకుని ఫోన్ చూస్తోంది. ఒకటి దాచకుండా చెప్పాలి. జవాబు కోసమే చూస్తున్నానని తనకి తాను చెప్పుకుంటోంది కానీ, చూసిన ప్రతిసారీ ముందు లైకుల అంకె మీదికే పోతోంది కన్ను. నాలుగు వేల రెండొందలు. నాలుగు వేల మూడొందలు. నెలల తరబడి గీసిన బొమ్మలకి ఇంత రాలేదు. అది నచ్చింది ఆవిడకి. నచ్చినందుకు సిగ్గూ వేసింది. తన గుమ్మంలో నిలబడి వేరే ఎవరి సామానో పంచిపెడుతున్నట్టు అనిపించి, ఫోన్ బోర్లా పెట్టింది.

అప్పుడు మేడమీది బొమ్మల గదికి వచ్చే మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. మెట్టుకోసారి ఆగుతున్న అడుగులు. మోకాళ్ల నొప్పులని వాళ్లమ్మ మేడ ఎక్కడం మానేసి ఏడాది దాటింది. కావలసింది ఏదైనా ఉంటే కింద నుంచే గట్టిగా పిలుస్తుంది. ఇప్పుడు పిలవకుండా వస్తోందంటే వ్యవహారం పెద్దదే.

అమ్మ లోపలికి వచ్చింది. మోడల్స్ కూర్చునే ఎత్తు కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది. దాని వంక చూసి, దాంట్లో కూర్చోకుండా, రంగు డబ్బాల పక్కనున్న ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. కాసేపు ఆయాసం తీర్చుకుంది.

మందుల షాపు అమ్మాయి చెప్పిందట. మాత్రలు కవర్లో వేస్తూ, మీరు వయసులో ఎంత బాగుండేవారండీ అని మురిసిపోయి, ఫోన్ తీసి చూపించిందట. షాపులో ఉన్న మరో ఇద్దరు కూడా మెడలు చాచి చూశారట. మాత్రలు అక్కడే వదిలేసి వచ్చేసిందట అమ్మ.

"ఎవర్ని అడిగి పెట్టావే?" అంది.

చిత్రకారిణి దగ్గర సమాధానాలు చాలానే సిద్ధంగా ఉన్నాయి. ఫోటో చాలా బాగుందని, అందరూ మెచ్చుకుంటున్నారని, ఈ రోజుల్లో ఇది మామూలేనని, గ్యాలరీ ఆయన సతాయిస్తున్నాడని, వరసగా అన్నీ చెప్పింది. అమ్మ అన్నీ వింది. ఈ ఇంటి ఆల్బముల్లో అమ్మ ఫోటో ఒక్కటి కూడా సరైనది లేదని మీకు చెప్పాను కదా. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో, ఫోటో అనగానే అందరి సంచులూ పట్టుకుంటానని పక్కకి తప్పుకునేది. మరీ బలవంతం చేస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. అది అమ్మ సిగ్గు అని ఇంట్లో ఒక పాత జోకు. చిత్రకారిణి చెల్లెలైతే మా అమ్మ అరచేతి ఫోటోలు బోలెడున్నాయని అందరికీ చెప్పి నవ్వించేది.

"నీ మొహం పెట్టమని కదా ఆయన అడిగింది?" అంది అమ్మ.

"అవును."

"మరి నా మొహం పెట్టావేం?"

కూతురు కడిగిన కుంచెనే తీసి మళ్లీ తుడవసాగింది.

"నీకు భయమేసింది. నీ మొహం దాచుకోడానికి నాది అడ్డం పెట్టావు. నాకూ భయం ఉంటుందేమో అని ఒక్క క్షణం తోచలేదు నీకు."

గొంతు పెంచి అనలేదు. పెంచితే ఎదురు చెప్పడానికి వీలుండేది. చిత్రకారిణి తన ముందు ఎవరైనా బొమ్మ కోసం కూర్చుంటే వాళ్ల దగ్గర కాగితం మీద సంతకం తీసుకుంటుంది, గీసింది వాళ్లకి చూపించి సరేనంటేనే గోడకి తగిలిస్తుంది. పరాయివాళ్లకి చూపించే ఆ మాత్రం మర్యాద సొంత తల్లికి చూపించలేదు. తప్పైపోయిందమ్మా, ఇప్పుడే తీసేస్తాను అని ఫోన్ అందుకుంది.

"ఆగు. ఎవరైనా ఏమైనా రాశారా?"

బాగుందని రాశారంది కూతురు.

"అది కాదు. నేను ఎవరో తెలిసినట్టు ఎవరైనా రాశారా?"

ఆ అడగడంలో ఏదో ఉంది. కోపంగా మేడెక్కిన మనిషి గొంతు కాదది. డాక్టరు చేతిలోని రిపోర్టు వంక చూస్తూ అడిగే మనిషి గొంతు. చిత్రకారిణి పూలకుండీ రాసిన ముక్కలు తీసి చూపించింది. అమ్మ కళ్లజోడు సర్దుకుని చదివింది. మళ్లీ చదివింది. ఫోన్ తిరిగి ఇవ్వకుండా ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వు ఎడమచేతి వాటమా అమ్మా?"

"ఒకప్పుడు."

ఆ తర్వాత అరగంట పాటు అమ్మ చెప్పింది. కూతురు ముప్పై ఎనిమిదేళ్లలో విననిదంతా ఆ అరగంటలో వింది.

అది కాలేజీ కాదు. ఆ వాలు బల్ల చదువుకునే బల్లా కాదు. ఫోటో స్టూడియోలో, తెర వెనక గదిలో, నెగెటివులు దిద్దే బల్ల. మధ్యలో గరుకు గాజు బిగించి ఉంటుంది, కింద ఒక అద్దం. కిటికీ వెలుగు అద్దం మీద పడి గాజులోంచి పైకొస్తుంది. దాని మీద నెగెటివ్ పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొహాలు దిద్దాలి. మనిషి చర్మం మీద నల్లగా ఉన్న మచ్చ నెగెటివులో తెల్లగా కనబడుతుంది. ఆ తెలుపుని పెన్సిలు మొనతో చుక్కలు చుక్కలుగా నింపేస్తే ప్రింటులో మచ్చ మాయం. మొటిమలు, మశూచి గుంటలు, కళ్ల కింద నలుపు, నుదుటి గీతలు, ఏవైనా సరే. స్టూడియో యజమాని కవరు మీద ఏం దిద్దాలో రాసి పంపేవాడు. మూడేళ్లు చేసింది అమ్మ ఆ పని. ఆ వీధిలో ఆవిడంత సన్నగా పెన్సిలు నడిపేవాళ్లు లేరని పేరు. ఆ ఫోటో కూడా యజమాని కొత్త కెమెరా సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోడానికి తీసిందే.

ఇక్కడ అమ్మ కొంచెం నవ్వింది కూడా. పెన్సిలు పట్టేది నెగెటివుకి మందు పూసిన వైపు కాబట్టి, మొహాలన్నీ తిరగబడే కనిపించేవట. రోజంతా అలా చూసి చూసి, అదే మనిషి ప్రింటు కోసం కౌంటరు దగ్గరికి వస్తే ఎవరో కొత్తవాళ్లలా ఉండేవారట. పక్కింటావిడ మొహం కూడా ఒకసారి అలాగే గుర్తుపట్టలేదట. చిత్రకారిణి వింటూ వింటూ కంప్యూటర్ వైపు చూసింది. తిరగేసి చూడటం తను సొంతంగా కనిపెట్టిన కిటుకని ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది. ఇంత చేరువలో ఇంత తెలిసిన మనిషిని పెట్టుకుని ఒక్కసారైనా అడగలేదే అనుకుంది.

"మరి ఎందుకు మానేశావు?"

అమ్మ రంగు డబ్బాల మూతలు ఒక్కొక్కటే నొక్కుతూ చెప్పింది. ఒకరోజు ఒక కవరు వచ్చింది. మీద ఏమీ రాసి లేదు. లోపల ఒక ఆడమనిషి నెగెటివ్, తన ఈడుదే. ఒక చెంప మీద, కంటి కింద నుంచి చెవి దాకా పెద్ద మరక. ఆ రోజు అప్పటికే పద్దెనిమిది మొహాలు దిద్దింది. చెయ్యి దానంతటదే నడుస్తోంది. మరక కదా, నింపడం మొదలుపెట్టింది. కష్టమైన పని, నలభై నిమిషాలు పట్టింది. చర్మం ఎక్కడ మొదలైందో పెన్సిలు ఎక్కడ ఆగిందో తెలియనంత బాగా కుదిరింది. పక్క బల్ల దగ్గరి ఆవిడని పిలిచి మరీ చూపించింది. తన చేతి నుంచి వచ్చినవాటిలో అదే అన్నిటికన్నా మంచి పని అనుకుంది.

పదిహేను రోజులకి గానీ ఆ మనిషి ప్రింటు కోసం రాలేకపోయింది. తెర పక్కకి జరిగి ఉండటం వల్ల అమ్మకి కౌంటరు కనిపిస్తోంది. ఆ అమ్మాయి ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసిందట. తర్వాత యజమానిని అడిగిందట.

"ఏమందో తెలుసా? 'నా దెబ్బ ఏది?' అంది."



ఆ అమ్మాయి ఫోటో దిగింది అందుకే. ఇంట్లో కొట్టారు. పెద్దవాళ్లకి, అవసరమైతే స్టేషన్లో, చూపించడానికి సాక్ష్యం కావాలని గాయం పచ్చిగా ఉండగానే వచ్చి దిగింది. యజమాని కవరు మీద దిద్దవద్దని రాయడం మర్చిపోయాడు. తప్పు తన మీదికి వస్తుందని, లైటు ఎక్కువై మరక ఎగిరిపోయిందమ్మా, కెమెరాకి కనబడలేదు అని బుకాయించాడు. ఈలోపు గాయం మానిపోయింది, మళ్లీ తీయడానికి ఏమీ లేదు.

"నువ్వేం చేశావు?"

"ఏం చేయలేదు. అదే కదా చెబుతున్నా." అమ్మ ఇంకో మూత నొక్కింది. "నెగెటివ్ నా ముందే ఉంది. దూదికి కాస్త టర్పెంటైను అద్ది తుడిస్తే పెన్సిలంతా పోతుంది. రెండు నిమిషాల పని. దెబ్బ మళ్లీ వచ్చేది. లేచి వెళ్లి ఆ మాట చెప్పాలి, అంతే. యజమాని నా వంక ఒక్క చూపు చూశాడు. నేను లేవలేదు. ఆ పిల్ల తెరలోంచి నన్ను చూసింది. నా చేతిలో పెన్సిలునీ చూసింది. అర్థమైపోయింది దానికి. ఒక్క మాట అనకుండా ఫోటో తీసుకుని వెళ్లిపోయింది."

నెల తిరక్కుండా అమ్మ ఆ పని మానేసింది. ఆ చేత్తో పెన్సిలు పట్టుకుంటే ఆ పిల్ల మొహమే కనబడేదట. అందుకని కుడిచేత్తో రాయడం చిన్నపిల్లలా మొదట్నుంచి నేర్చుకుంది. అమ్మ రాసే సరుకుల చీటీల్లో అక్షరాలు వంకరపోవడం చూసి, కాలేజీకి వెళ్లినా రాత కుదరలేదు పాపం అనుకునేవారు పిల్లలు. నాన్నక్కూడా ఏనాడూ చెప్పలేదంది. ఎక్కడైనా ఫోటోలో పడితే ఆ మనిషి ఎప్పటికైనా చూస్తుందేమో, నువ్వే కదా అంటుందేమో అని, నలభై నాలుగేళ్లు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ బతికింది. మరి ఈ ఒక్క ఫోటో ఎందుకు దాచుకున్నావని కూతురు అడిగితే, ఆ పని నాకు చాలా ఇష్టమే అంది అమ్మ, కొంచెం తప్పు ఒప్పుకుంటున్నట్టుగా.

తీసేస్తాను అని మళ్లీ అంది చిత్రకారిణి. ఈసారి గ్యాలరీ గుర్తుకు రాలేదు, లైకులూ గుర్తుకు రాలేదు. తీసెయ్యమని అమ్మ ఫోన్ ఉన్న చెయ్యి చాచింది. సరిగ్గా అప్పుడే అది ఆమె అరచేతిలో వణికింది. పూలకుండీ బొమ్మ. ఈసారి అందరికీ కనబడేలా కాదు, లోపలి ఉత్తరం. అంత పొడుగు ఉత్తరం చూసి అమ్మ కూతురి చేతికిచ్చి చదవమంది.

"మా మనవరాలు మీ బొమ్మలు చూస్తూ ఉంటుంది. నిన్న ఆ ఫోటో దగ్గర ఆగమన్నాను. తెర వెనక కూర్చున్న మనిషి ఆవిడే. ఆవిడ బాగున్నారా? పోట్లాడటానికి రాయడం లేదు. ఒక్క సంగతి అడిగి చెప్పండి. ఆ రోజు నా మొహం మీద దెబ్బ ఉందా, లేదా? నలభై నాలుగేళ్లుగా ఈ ఇంట్లో లేదనే అంటున్నారు. ఆ ఫోటోయే చూపించి మరీ అంటున్నారు. ఈ మధ్య నాకే అనుమానంగా ఉంటోంది. చూసినవాళ్లలో ఆవిడ తప్ప ఇంకెవరూ మిగల్లేదు."

ఏం రాయమంటావమ్మా అని చిత్రకారిణి మెల్లగా అడిగింది. నీకు ఇష్టం లేకపోతే ఏమీ రాయక్కర్లేదని, ఖాతానే మూసేయొచ్చని కూడా చెప్పింది. అది నిజంగా అమ్మ కోసమే చెప్పింది.

అమ్మ పీట మీంచి లేచింది. లేచి, ఇందాక వద్దనుకున్న ఎత్తు కుర్చీలో, కిటికీ వెలుగులో కూర్చుంది.

"రాయడం కాదు. మొహాలు కనబడేట్టు మాట్లాడుకుంటారే, అది నొక్కు."

"ఇప్పుడా?"

"నలభై నాలుగేళ్లు ఆలస్యమైంది. ఇంకా ఎప్పుడు?"

నొక్కింది. ఫోన్ మోగుతుంటే చిత్రకారిణి అలవాటు కొద్దీ కెమెరాకి అందకుండా పక్కకి జరగబోయింది. అమ్మ చెయ్యి పట్టుకుని పక్కనే నిలబెట్టుకుంది. తెర మీద మూలగా ఇద్దరి మొహాలూ చిన్నగా కనబడుతున్నాయి. అమ్మ జుట్టు సర్దుకోలేదు. అరచెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

అవతల ఎత్తారు. నెరిసిన జుట్టు, లావు కళ్లజోడు, ముడతల మొహం. ఎవరూ దిద్దని మొహం.

"ఉందమ్మా," అంది అమ్మ. "నాకు కుడి చెంప మీద ఉన్నట్టు కనబడింది, నెగెటివులో తిరగబడుతుంది కదా, అంటే మీకు ఎడమ. ఎడమ కంటి కింద నుంచి చెవి దాకా. చెవి దగ్గర చర్మం చిట్లింది కూడా. నా రెండు కళ్లతో చూశాను. నా చేత్తో నేనే చెరిపాను. అప్పుడే లేచి చెప్పాల్సింది. చెప్పలేదు."

అవతలి మొహంలో కన్నీళ్లు వస్తాయని చిత్రకారిణి అనుకుంది. రాలేదు. ఆవిడ కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది, ఎప్పటినుంచో బిగబట్టినట్టు. ఆ నిశ్శబ్దంలో, ఆ గదిలోనే, ఆవిడ వెనకాల ఎక్కడో, ఒక ముసలి మగమనిషి దగ్గాడు.

ఆవిడ కళ్లు తెరిచింది.

"ఆ మాటే ఇంకొక్కసారి చెప్పండి," అంది. "ఈయన వినాలి."

తెర మీద గది గిర్రున తిరగడం మొదలుపెట్టింది.